బ్రదర్ కుడి, బ్రదర్ ఎడమ

మొన్న శనివారం కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా ఇండియన్ గ్రోసరీలో ఎవరో ఎండు రొయ్యల ప్యాకెట్ జారవిడిచారు. ప్యాకెట్ చిట్లింది. ఆ వాసన మొదట పప్పుల వరుసను ఆక్రమించింది, తర్వాత కూరగాయల మీద దండెత్తింది, చివరికి కౌంటర్ దగ్గర నిలబడ్డ ఒక శాకాహార కుటుంబాన్ని పార్కింగ్ లాట్ దాకా తరిమికొట్టింది. అందరూ ముక్కులు మూసుకుంటుంటే నేను మాత్రం బండి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఎంత గట్టిగా ఊపిరి పీల్చానంటే, ఆ పూట కాలిఫోర్నియాలో మిగతావాళ్లకు గాలి సరిపోయిందో లేదో చెప్పలేను. ఆ వాసనకు నాకు తెలిసిన చిరునామా ఒక్కటే. సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో నేనుండిన అపార్ట్‌మెంట్‌కు సరిగ్గా కింద ఉన్న ఇల్లు. సుగుణ ఆంటీ ఇల్లు.

నేను రెడ్‌మండ్ వెళ్లింది 2007లో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కాంట్రాక్టు పని. అంటే ఇతరుల తప్పులు పట్టుకోవడం నా వృత్తి. ఆ ఊళ్లో వాన అక్టోబర్‌లో మొదలై మళ్లీ అక్టోబర్ దాకా పడుతుంది, అప్పుడు కొత్త వాన మొదలవుతుంది. ఆఫీసులో తప్పులు రాసి పంపడమే గాని ఎవరితోనూ మాట్లాడే పని ఉండేది కాదు. శుక్రవారం సాయంత్రం మూసిన నోరు సోమవారం ఉదయం తెరిస్తే పాత బీరువా తలుపులా కీచుమనేది. అలాంటి ఒక ఆదివారం సాయంత్రం నా నేల కింద నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "తొయ్! తొయ్ నాయనా! లైను దాటించెయ్!" హత్య జరుగుతోందని నిశ్చయించుకున్నాను. అప్పడాల కర్ర పట్టుకుని మెట్లు దిగి తలుపు కొట్టాను.

తలుపు తీసిన మనిషికి అరవై దాటి ఉంటాయి. భారీ మనిషి. చేతిలో గరిటె, కళ్లకు తాడు కట్టిన అద్దాలు.

"ఏమైందాంటీ? లోపల ఎవర్నన్న కొడుతున్రా?" అన్నాను.

ఆమె నన్నూ, నా అప్పడాల కర్రనూ చూశారు. "కొట్టుకుంటున్నారు. నువ్వు విడదీస్తావా? ఆ కర్ర చాలదు అబ్బాయ్, ఒక్కొక్కడు నూటయాభై కేజీలు. చెప్పులు బయట వదిలి లోపలికి రా."

లోపల కంప్యూటర్‌లో తపాలా బిళ్లంత బొమ్మ. అందులో గోచీలు కట్టిన ఇద్దరు లావుపాటి కుర్రాళ్లు మట్టి వలయంలో ఒకరినొకరు నెట్టుకుంటున్నారు. వాళ్ల వెనక ఖాళీ కుర్చీలు. వంటింట్లో వంకాయ, ఎండు రొయ్యలు మాడుతున్నాయి. నేను నోరు తెరిచేలోగా స్మోక్ అలారం తెరిచింది. ఆమె కంగారు పడలేదు. టేబుల్ మీద కాగితం ఒకటి తీసి అలారానికి విసురుతూ, కంప్యూటర్ వైపు చూస్తూ, "చూశావా, జారాడు దరిద్రుడు" అన్నారు.

పూర్తి పేరు మేరీ సుగుణ. నరసాపురం దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, సియాటిల్‌లో ఒక ఆసుపత్రి నుంచి రిటైరయ్యారు. భర్త పోయి చాలాకాలం, పిల్లలు లేరు. ఉద్యోగంలో ఉండగా ఆమె వార్డులో ఒక జపాన్ ముసలాయన ఉండేవాడట. చూడటానికి ఎవరూ వచ్చేవారు కాదు. టీవీలో సుమో పెట్టమనేవాడు, పక్కన కూర్చోమనేవాడు. ఆయన పోయాక మంచం ఖాళీ అయింది, టీవీ ఆగింది, ఆంటీకి మాత్రం సుమో ఆగలేదు.

ఆ సుమోలో ఆమె ఆడే ఆట ఒకటుంది. పోటీలు ఏడాదికి ఆరుసార్లు. ప్రతి పోటీకి ముందు మల్లుల ర్యాంకుల లిస్టు కొత్తగా వేస్తారు. కింది డివిజన్లలో మనిషికి ఏడు కుస్తీలు. నాలుగు గెలిస్తే పైకి, నాలుగు ఓడితే కిందికి. ఎన్ని మెట్లు పైకి, ఎన్ని కిందికి అన్నది జపాన్‌లో పెద్దలు కూర్చుని తేలుస్తారు. లిస్టు బయటపడకముందే దాన్ని ఊహించి రాయడం ఆట. ఇంటర్నెట్‌లో దేశదేశాల అభిమానులు ఆడతారు. అందరూ పైనున్న వీరుల కోసం ఎగబడితే, ఆంటీ కింది నుంచి రెండో డివిజన్ పట్టుకున్నారు. దాన్ని ఆడేవాళ్లు భూగోళం మొత్తం మీద నలభై మంది ఉంటే గొప్ప. సరిగ్గా చెప్పిన ర్యాంకుకు రెండు పాయింట్లు, ఒక మెట్టు తేడాకు ఒకటి. అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ల పేరు పక్కన రెండు నెలల పాటు ఒక చుక్క పెడతారు. నక్షత్రం గుర్తు, అంతే. కప్పు లేదు, కాసు లేదు. ఆ చుక్క కోసం ఆంటీ 2001 నుంచీ ఆడుతున్నారు. ఒక్కసారీ రాలేదు.

"పైవాళ్లది ఆడితే వచ్చేస్తుందేమో గదాంటీ?" అని అడిగాను ఒకసారి.

"పైవాళ్లని చూడటానికి దేశముంది. వీడు పొద్దున్నే లేచి, ఖాళీ కుర్చీల ముందు పడి, లేచి, దణ్ణం పెట్టి పోతాడు. ఒక్కళ్లన్నా చూసి రాసుకోవద్దా?"

ఆమె జపాన్ పేర్లు పలికేవారు కాదు, పేర్లు పెట్టేవారు. గుమ్మడి, అత్తగారి చూపు, నిద్రమొహం, ఏలూరు బస్సు. ఒకే కుస్తీశాల నుంచి వచ్చే ఇద్దరున్నారు. ఒకే పొడుగు, ఒకే గుండ్రటి ముఖం, ఒకడికి కుడి మోకాలికి, ఇంకొకడికి ఎడమ మోకాలికి తెల్లటి కట్టు. వాళ్లు బ్రదర్ కుడి, బ్రదర్ ఎడమ. ఆమెకు బ్రదర్ కుడి అంటే ప్రాణం. బ్రదర్ ఎడమ బద్ధకస్తుడని అనుమానం. అసలు పేర్లు ఆమె నోటుబుక్కులో ఉండేవి, వాటిని నేనెప్పుడూ చూడలేదు. అవసరం పడలేదు.

కొత్త లిస్టు జపాన్‌లో సోమవారం తెల్లవారుజామున వస్తుంది. అంటే మాకు ఆదివారం మధ్యాహ్నం, చలికాలంలో ఒంటిగంటకు. ఆమె వెళ్లే తెలుగు చర్చి ముగిసేదీ ఒంటిగంటకే, పాస్టర్ గారు దయతలిస్తే. ఆమె మోకాళ్ల నొప్పుల వల్ల నేనే డ్రైవ్ చేసేవాణ్ని. చర్చికి వెళ్లడం నాకు కొత్త, కాని బిర్యానీ పెట్టేవారు. పాస్టర్ గారి ముగింపు ప్రార్థన ఆదాము దగ్గర బయల్దేరి మా పార్కింగ్ లాట్ దాకా వచ్చేది. పన్నెండూ యాభై అయ్యేసరికి ఆంటీ కళ్లు మూసుకునే, మోకాళ్లు ఊపుతూ, "ఆమేన్... ఆమేన్" అని తొందరపెట్టేవారు. ఒకరోజు పాస్టర్ గారు ప్రార్థన ఆపి, "సిస్టర్ సుగుణ గారి ఆత్రం చూడండి, అలాంటి ఆసక్తి మనందరికీ కలుగును గాక" అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. కార్‌లో కూర్చున్నాక ఆమె, "ఈ ఒక్క అబద్ధానికీ ప్రభువు క్షమిస్తాడు, పోనీ" అన్నారు.

నాకూ ఆట నేర్పారు. నా మొదటి లిస్టులో ఐదు గెలిచిన గుమ్మడిని అరవై మెట్లు ఎక్కించాను, మూడే గెలిచిన నిద్రమొహాన్ని లిస్టు చివరికి తొక్కేశాను. ఆమె అద్దాలు పైకి తోసి చూశారు. "ఏరా, వాడు కుస్తీ గెలిచాడా, కురుక్షేత్రం గెలిచాడా? అన్నీ ఊదుతావు. వీడు ఓడింది ఒక్క కుస్తీ తేడాతో. ఒక్క కుస్తీకి మనిషినలా పాతెయ్యకూడదు." ఊదడం నా నోటికి పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి మందు వేసిన మనిషి ఆమె ఒక్కరే.

2009లో నా కాంట్రాక్ట్ ఆగిపోయింది. వీసా గడియారం నడుస్తోంది, ఇంటర్వ్యూలు లేవు. మూడు రోజులు నేను కిందికి దిగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మెట్ల మీద ఒక మెట్టుకు ఒక నిట్టూర్పు చొప్పున పద్నాలుగు నిట్టూర్పులు వినిపించాయి. ఆ మోకాళ్లతో ఆమె పైకి రావడం అదే మొదలు, అదే చివర.

"మొత్తం పోయిందాంటీ. ఖతం," అన్నాను.

ఆమె కూర్చుని ఊపిరి తీసుకున్నారు. "ఆరోగ్యం ఉందా? చదువుందా? అద్దె ఎన్నాళ్లకుంది?"

"రెండు నెలలు."

"అయితే ఇది మూడు గెలుపులు, నాలుగు ఓటములు. పదిహేను మెట్లు దిగుతావు. లిస్టులోనే ఉంటావు. లేచి మొహం కడుక్కో."

ఆరో వారానికి వేరే కాంట్రాక్ట్ దొరికింది. సరిగ్గా పదిహేను మెట్లే దిగాను. జీతం కూడా అదే చెప్పింది.

2011 చివర్లో ఆమె గుండెకు ఆపరేషన్ పడింది. ఆసుపత్రికి వెళ్తూ కార్‌లో, ముందు అద్దం మీద తిరిగే వైపర్లను చూస్తూ అన్నారు. "ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగాను అబ్బాయ్, డాక్టర్ మొహం చూస్తే నాకు తెలుస్తుంది. ఎక్కువ లిస్టులు లేవు. పోయేలోగా ఒక్కసారి ఆ చుక్క పడితే చాలు. అంతకంటే ఏం అడగను."

ఆపరేషన్ అయిన నాలుగో రోజు శనివారం. మర్నాడు ఒంటిగంటకు లిస్టు. నోటుబుక్ ఇంట్లో ఉండిపోయింది, ఆమెకు కూర్చునే ఓపిక లేదు. నేను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని చెబుతుంటే, మల్లుల ఫోటోలున్న పేజీ చూస్తూ, ముఖాలను బట్టి అసలు పేర్లు పట్టుకుని టైప్ చేశాను. రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆమె నిద్రపోయారు, లేచి ఆగిన చోటు నుంచే అందుకున్నారు.

"బ్రదర్ కుడి, నలభై. బ్రదర్ ఎడమ, డెబ్బై ఒకటి. అందరూ తిరగేసి రాస్తారు చూడు. రాయనీ."

ఇద్దరి ఫోటోలూ చూశాను. నా కుడిచేతి వైపు కట్టు కనబడినవాణ్ని నలభైలో పెట్టాను. రెండోవాణ్ని డెబ్బై ఒకటిలో పెట్టాను. పంపేశాను.

ఆదివారం ఆసుపత్రి కెఫెటీరియాలో లిస్టు తెరిచాను. నలభైలో ఒక బ్రదర్, డెబ్బై ఒకటిలో ఒక బ్రదర్ కనిపించారు. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టబోయి, పేర్లు చదివాను. తారుమారు. మళ్లీ చదివాను. అప్పుడు ఫోటో తెరిచి, ఆ కుర్రాడు నిలబడినట్టు నేనూ నిలబడి, నా మోకాలు ముట్టుకుని చూసుకున్నాను. నర్సుకు కుడి అంటే పేషెంట్ కుడి. ముప్పై ఏళ్లు ఆమె మనుషుల్ని వాళ్ల వైపు నుంచే చూశారు. నేను నా కుర్చీలోంచి చూశాను. నాలుగేళ్లుగా ఒకే గదిలో, ఒకే పేరు అరుస్తూ, ఆమె ఒకడికీ నేను ఇంకొకడికీ చప్పట్లు కొట్టామన్నమాట.

ఆ రెండు పేర్లకూ కలిపి నాలుగు పాయింట్లు పోయాయి. ఆంటీ మూడో స్థానంలో ఉన్నారు. చుక్క పడ్డ మనిషి ఆమె కంటే రెండు పాయింట్లు ఎక్కువ. ఈ లెక్కలో నేను ఊదింది ఏమీ లేదు.

పైకి వెళ్లి చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వారని, కుట్లు పట్టుకుని మరీ నవ్వారని రాయాలని నాకు ఎంతో ఉంది. ఇన్నేళ్లలో విందుల్లో చాలాసార్లు అలాగే చెప్పాను, బాగా పేలింది కూడా. నవ్వలేదు. కిటికీ వైపు తల తిప్పుకున్నారు.

"ఆట నడిపేటాయనకు మెయిల్ చేస్తాంటీ. తప్పు నాదని చెప్తా. మారుస్తడు."

"వద్దు. పడ్డాక కాలు జారిందని ఎవడన్నా చెప్పుకుంటాడా?" నా వైపు తిరగకుండానే అన్నారు. "ఎవరి కుడి అని ఒక్క మాట అడగలేకపోయావా, నాన్నా?"

అంతకు ముందెప్పుడూ ఆమె నన్ను నాన్నా అనలేదు.

ఇంటికి వచ్చాక వచ్చిన లిస్టుకు ఆమె స్వయంగా టైప్ చేశారు, ఒక్కొక్క వేలితో నొక్కుతూ. ముప్పై ఒకటో స్థానం వచ్చింది. ఆ తర్వాతి లిస్టు ఒక ఆదివారం రెండింటికి వచ్చింది. అంతకు ముందు గురువారమే ఆమె వెళ్లిపోయారు. పాస్టర్ గారు ఆ ఆదివారం చాలా చిన్న ప్రార్థన చేశారు. ఎప్పుడు ముగిసిందో కూడా నాకు తెలియలేదు, అందరూ లేచి నిలబడ్డాక చూశాను.

ఇప్పుడు డబ్లిన్‌లో మీటింగుల్లో ఎవరైనా తెర మీద కుడి పక్కనున్న పెట్టె చూడమంటే, చేయెత్తి ఎవరి కుడి అని అడుగుతాను. పార్కింగ్‌లో దారి చెప్పేవాణ్ని అడుగుతాను. మా ఆవిడతో గొడవ ముదిరి ఆమె, "నువ్వెప్పుడూ ఇంతే" అన్నప్పుడు జవాబు నాలుక చివర ఉన్నా మింగి, నువ్వున్న చోటు నుంచి ఎలా కనబడుతోందో చెప్పు అంటాను. నేను వేళాకోళమాడుతున్నానని అందరూ నవ్వుతారు. అలాంటి పేరు సంపాదించుకున్నాను మరి. నవ్వడం అయ్యేదాకా ఆగి, మళ్లీ అడుగుతాను.