మామ్మగారి ఎడమచెయ్యి

మంగళవారం పొద్దున అమ్మ ఫోను చేసింది. "మామ్మగారు వెళ్ళిపోయారే. నిద్రలోనే." నేను రాజమండ్రిలో, కాలేజీ లైబ్రరీలో పనిలో ఉన్నాను. సర్దుతున్న పుస్తకాలు వదిలేసి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

ఆమె నరసాపురంలో మా ఎదురింటావిడ. బంధువు కాదు. చిన్నప్పటినుంచీ లేసు అల్లేవారు. నేను కాన్వెంటులో ఆరో తరగతి చదివేటప్పుడు వేసవి సెలవుల్లో నాకూ నేర్పారు. నా మొదటి ముక్క చూసి, "ఇది లేసా, చేపలవలా, కాన్వెంటమ్మాయ్?" అన్నారు. మొత్తం విప్పించి మళ్ళీ మొదలుపెట్టించారు. "సూది పట్టిన కుడిచేతినే అందరూ చూస్తారు. ఎడమచెయ్యి కుదురుగా ఉంటేనే లేసు," అనేవారు. వాళ్ళ వరండాలో అల్లుతూ కూర్చుంటే ఏమీ మాట్లాడక్కర్లేకపోవడం నాకు బాగుండేది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆమెకు ఫ్లూ వచ్చింది. జ్వరం తగ్గిన వారానికి వేళ్ళు వాటంతటవే మెలికలు తిరుగుతూ కదలడం మొదలైంది. అల్లి అల్లి అలవాటైపోయిందని వీధిలో అందరూ నవ్వుకున్నారు.

"మా అత్తగారికి దారం కూడా అక్కర్లేదండి. గాలిలోనే అల్లేస్తున్నారు," అంది కోడలు మా అమ్మతో. మామ్మగారూ నవ్వేవారు.

సెలవుకి వచ్చి పక్కన కూర్చున్నప్పుడు గమనించాను. కదులుతున్నది ఎడమచెయ్యి. నేను చూస్తున్నానని తెలిసి, దాన్ని కొంగు కింద దాచుకున్నారు.

"ఎవరికీ చెప్పకమ్మా. ఇది నా మాట వినట్లేదు. ఇంక అల్లలేనేమో," అన్నారు మెల్లగా.

చెప్పకూడదనే అనుకున్నాను. ఇంతలో కోడలు కాఫీ తెచ్చింది.

"ఆంటీ, అది అలవాటు కాదండి. అల్లేటప్పుడు ఆ చెయ్యి కదలదు," అన్నాను. ఆ ఇంట్లో ఎవరూ అడగకుండా నేను మాట్లాడింది అదే మొదటిసారి. మామ్మగారు నావైపు చూడలేదు.

మర్నాడు భీమవరం తీసుకెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక, ఫ్లూ తర్వాత చాలా అరుదుగా మెదడు మీద ఇలాంటి ప్రభావం పడుతుందని, నిదానంగా తగ్గవచ్చని డాక్టరుగారు చెప్పి మాత్రలు రాశారు.

"చాడీలు చెప్పడం కూడా కాన్వెంటులోనే నేర్పారా?" అని అడిగారు మామ్మగారు, తిరిగొచ్చాక. అడుగుతూనే నా చెయ్యి పట్టుకున్నారు. చీకటి పడేదాకా వదల్లేదు.

తగ్గేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. శనివారాలు నేను ఊరికొస్తే పక్కన కూర్చోబెట్టుకునేవారు. లేసుని నా ఎడమచెయ్యి పట్టుకునేది, ఆమె కుడిచెయ్యి సూది నడిపేది. "ఊపిరి పీల్చుకో, పర్లేదు," అనేవారు.

కొన్ని నెలలకి ఆ చెయ్యి కుదుటపడింది. మళ్ళీ ఒక్కరే అల్లుకునేవారు. అయినా నేను గుమ్మంలో కనిపిస్తే, ఎడమచేతి వేళ్ళకున్న దారం విడిపించుకుని ఆ చేతిని ఒళ్ళో పెట్టేసుకునేవారు. కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చేవారు.