మళ్ళీ చూపించండన్న అక్క

మా పక్కింటి అక్క పోయిన నెల కామెర్లతో చనిపోయింది. పటాన్‌చెరు నుంచి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. పెద్ద పెద్ద వాళ్ళకు సంతాప సభలు పెట్టే ఈ దేశంలో ఆమె కోసం ఎవరూ ఏమీ పెట్టరు. అందుకే ఈ నాలుగు మాటలు నేను రాస్తున్నాను.

కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఇస్నాపూర్‌లో మా గోడకు ఆనుకున్న గది కిరాయికి తీసుకున్నారు. ఒక్కతే కూతురు. ఇరుగుపొరుగు ఎవరు వస్తున్నా అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టే ఆ పిల్లకు, నిన్న దిద్దిన అక్షరం ఇవాళ్టికి గుర్తుండదు. తోటివాళ్ళు పై తరగతులకు పోయినా తను రెండులోనే మిగిలింది. రోజూ గోడకుర్చీ, బెత్తం.

"కొట్టి చూశారు కదా సార్, ఇక తెలిసినవాళ్ళకు చూపించండి. ఎక్కడ తేడా ఉందో తెలిస్తే ఎలా చెప్పాలో తెలుస్తుంది" అని అక్క ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక బడి వరండాలో నిలబడేది. పట్నం పెద్దాసుపత్రిలో పిల్లల తెలివిని పరీక్షించే డాక్టరు ఉన్నాడు. కానీ బడి నుంచి రాసిస్తేనే చూస్తాడు. ఎవరైనా కూర్చోమన్నా కూర్చునేది కాదు. "కూర్చుంటే లేచి పొమ్మంటారు. నిలబడ్డదాన్ని ఏమంటారు?" అనేది.

"ఏందమ్మా, మా నౌకరీలు గుంజుకునుడు సాలదని మీ ఆంధ్ర నుంచి గిసొంటి పిల్లలను గూడ పట్టుకొచ్చిండ్రా?" అని హెడ్మాస్టరు వెటకారం చేశాడు. "అర్జీ రాసియ్యి, సూద్దం."

అర్జీ నేను రాశాను. కరపత్రాలు చదివి చదివి నా రక్తం అప్పటికే ఉడుకుతోంది. "దోపిడీ విద్యావ్యవస్థను నిలదీస్తున్నాం" అని మొదలుపెట్టాను. అక్క బియ్యం ఏరుతూ విని నవ్వింది.

"తమ్ముడూ, ఇది పిల్లను చూపించమని అడగడమా, హెడ్మాస్టర్ని ఉరితీయమని అడగడమా?"

"గట్లనే రాయాలె అక్కా. లేకుంటే ఆళ్ళు కదలరు."

"కోపం నీది, పిల్ల నాది. పిల్లకు పనికొచ్చేది రాయి."

ఆమె చెప్పినట్టే రాశాను. పిల్లకు ఏం వస్తుంది, ఏం రాదు, ఇంట్లో ఎలా చెబితే అర్థమవుతుంది, మేము కోరేదేమిటి. ఒక్క తిట్టూ లేదు. చాలారోజులు తిప్పించుకుని హెడ్మాస్టరు చివరికి డాక్టరుకు రాసిచ్చాడు.

ఆ సంబరంలోనే పొరపాటు జరిగింది. పిల్ల నోరు తెరవక నవ్వులపాలవుతుందని అక్క భయపడింది. పేరు, ఊరు, వారాలు, అంకెలు పాటలా కట్టి వల్లె వేయించింది. ఆమె భర్త, నేను బావ అని పిలిచే మనిషి, షిఫ్టు దిగి వచ్చి మళ్ళీ అప్పజెప్పించుకునేవాడు. డాక్టరు హడావిడిలో సరిగ్గా అవే అడిగాడు. పిల్ల గడగడా పాడేసింది. లోపమేమీ లేదు, బద్ధకమేనని రాసి పంపాడు.

ఇక బెత్తానికి డాక్టరు అండ కూడా దొరికింది. అరచేతులు వాచి వచ్చిన కూతుర్ని చూసి అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పంతుళ్ళందరి ముందు అంది: "తప్పు నాది సార్. మార్కులొచ్చే పరీక్ష అనుకుని నేర్పించి పంపాను. మళ్ళీ చూపించండి."

"ఒక్కపారి అయిపాయె గదమ్మా. డాక్టర్ కంటె నీకెక్కువ ఎర్కనా?" అన్నాడు హెడ్మాస్టరు.

నేను బల్ల గుద్దబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "వచ్చే సోమవారం మళ్ళీ వద్దాం" అంది. కళ్ళు పచ్చబడ్డాక కూడా వెళ్ళింది. నేను చదివిన ఏ కరపత్రంలోనూ అంత ధైర్యం లేదు.

కర్మ అయ్యాక బావ పిల్లను తీసుకుని బడికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. హెడ్మాస్టరు పిల్లను దగ్గరికి పిలిచి, "వారాల పేర్లు సెప్పు బిడ్డా" అన్నాడు.

"ఆదివారం... సోమవారం..." అని ఆగిపోయింది.

"తర్వాత?"

"అమ్మ చెప్తది."

హెడ్మాస్టరు డాక్టరుకు మళ్ళీ రాయడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు. పిల్ల మాత్రం, తర్వాతి మాట అందిస్తాడేమోనని తండ్రి వైపు చూసింది. బావ గోడవైపు తిరిగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.