తిరగేసిన నెగటివ్

మా పిన్ని కెమెరా పట్టుకుందంటే ఎంతటివాళ్లైనా బుద్ధిగా కూర్చోవాల్సిందే. ఆ ధీమా ఆవిడకు పుట్టుకతోనే వచ్చిందని మా అమ్మ అంటుంది. నేనొప్పుకోను. అది మాస్టారి స్టూడియోలో వచ్చింది.

ఫోటోలు తీయడం నేర్పుతానని చేర్చుకున్న ఆ మహానుభావుడు పిన్నిని కెమెరా ముట్టుకోనిస్తేగా! ఎంతసేపూ చీకటిగదిలో ప్రింట్లు వేయడం, ఆరబెట్టడం. అడిగితే, "ముందు నీ కన్ను కుదురుకోనీ" అనేవారు. పిన్నికి ఒళ్లు మండిపోయేది.

ఒకసారి రిటైరవుతున్న హెడ్మిస్ట్రెస్ వచ్చింది. బడి గోడకు తగిలించడానికి ఫోటో కావాలి. మాస్టారు తీసింది చూసి, "ఇది నేను కాదండీ" అని పెదవి విరిచింది. మళ్లీ తీశారు. మర్నాడు పిన్ని ఆ ప్రింటు చేతికివ్వగానే ఆవిడ మొహం చేటంత అయింది.

"అచ్చం నేనే!"

అప్పుడు చూసింది పిన్ని. ఆవిడ ఎడమ చెంప మీది పుట్టుమచ్చ ప్రింటులో కుడి చెంప మీదుంది. ప్రింటు వేసే తొందరలో తను నెగటివ్ తిరగేసి పెట్టింది! మాస్టారింకా చూడలేదు. నోరు మెదపకపోతే గండం గడిచినట్టే. చెబితే కెమెరా మాట దేవుడెరుగు, ఉన్న పనే ఊడుతుంది.

చెప్పేసింది.

"తప్పు నాదే మేడమ్. రోజూ అద్దంలో మీకు కనిపించేది ఈ మొహమే, అందుకే నచ్చింది. పిల్లలు చూసే మొహం ఇది కాదు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ప్రింటు చూశారు. పిన్నిని చూశారు.

"మేడమ్‌ని కూర్చోబెట్టు. ఈసారి నువ్వే తియ్యి."

పిన్ని వెంటనే కెమెరా దగ్గరకు వెళ్లలేదు. గోడకున్న అద్దం తెచ్చి కెమెరా పక్కనే నిలబెట్టింది. హెడ్మిస్ట్రెస్ అందులో చూసుకుంటూ జుట్టు సర్దుకుంది, భుజాలు వదులు చేసింది, రోజూ పెట్టే మొహం పెట్టింది. పిన్ని నొక్కేసింది. మర్నాడు వేసిచ్చిన ప్రింటులో పుట్టుమచ్చ ఉండాల్సిన చోటే ఉంది, అయినా ఆవిడ వంక పెట్టలేదు. "బాగానే ఉన్నానే!" అని తీసుకెళ్లింది.

ఆవిడ అటు వెళ్లగానే మాస్టారు వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

"ఇన్నేళ్లలో నా ఫోటో ఒక్కటీ లేదమ్మా. నా మొహం నాకెప్పుడూ నచ్చలేదు. తీస్తావా?"

పిన్ని కెమెరా వెనక్కి వెళ్లింది.

"గడ్డం కాస్త దించండి మాస్టారూ."

ఆయన బుద్ధిగా దించారు.