జ్వరం రావాలని చేసిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నాకు జరిగినదాన్ని జరిగినంతే రాస్తున్నాను. నేను బడిలో లెక్కలు నేర్చుకున్నవాణ్ని కాను. చర్ల అవతలి అడవి ఊళ్లలో బీడీలు చుట్టే తునికాకు ఆరబోసే కల్లాల మీద ఆకు కట్టలు లెక్కపెట్టే పనిలో పడి సొంతంగా నేర్చుకున్నాను, అందుచేత ఉన్నదాన్ని పెంచి చెప్పడం నాకు చేతకాదు.

ఒక ఏడు ఆకు తెంపే కాలంలో ఒక మధ్యాహ్నం కల్లం వెనక్కి మూత్రానికి వెళితే ఎర్రగా రక్తం పడింది. నొప్పి లేదు, మంట లేదు. మరునాడు మామూలుగానే ఉంది, కొన్నాళ్లకు మళ్లీ పడింది. నొప్పి ఉంటే అంత భయపడేవాణ్ని కాను సహోదరులారా, కానీ ఏ అలికిడీ లేకుండా ఎవరో లోపలికి వచ్చి కూర్చున్నట్టు ఉండేది. ఎండలో ఆరబెట్టిన కట్టల నడుమ ఒంటరిగా నిలబడి, నా పొట్ట మీద నేనే చెయ్యి పెట్టుకొని "ఎవరు నువ్వు" అని అడిగిన రోజు కూడా ఉంది.

ఖమ్మం దవాఖానాలో సన్నని గొట్టం పంపి చూసి, మూత్రసంచిలో గడ్డ ఉంది, క్యాన్సర్ అన్నారు. లోపలి నుంచే గీకి తీసేశారు. అయితే ఇది మళ్లీ లేచే రకమనీ, లేస్తే సంచినే తీసేయాల్సి రావచ్చుననీ, అప్పుడైనా ప్రాణానికి మాట ఇవ్వలేననీ డాక్టరమ్మ చెప్పింది.

"ఒంట్ల రోగాన్ని చంపే కణాలు ఉంటయంటరు గదమ్మా, అవి ఏం చేస్తున్నయి?" అని అడిగాను.

"అవి ఇంటి కుక్కలాంటివి పెద్దాయనా. పరాయివాడు వస్తే మొరుగుతాయి. ఈ గడ్డ మీ సొంత మాంసమే, ఇంటి మనిషి బట్టలు కట్టుకొని తిరుగుతుంది. కుక్క వాసన చూసి ఊరుకుంటుంది."

పై దేశాల్లో ఆ కణాలను రక్తంలోంచి తీసి, శత్రువును గుర్తుపట్టేలా మార్చి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించాలని పరిశోధనలు చేస్తున్నారట. ఇలాంటి గట్టి గడ్డల్లోకి దూరడమే వాటికి కష్టంగా ఉందట, అది మన దాకా రావడానికి చాలా కాలం పడుతుందట. మూత్రసంచికి మాత్రం ఒక పాత దారి ఉందని చెప్పింది. పసిపిల్లల భుజానికి వేసే క్షయ టీకా ఉంది కదా, బలం తీసేసిన ఆ క్రిములనే సంచిలోకి పంపుతారు. వాటిని చూసి కణాలు మేలుకొని పరుగెత్తుకొస్తాయి, ఆ ఊపులో మిగిలిన గడ్డ మీద కూడా పడతాయి.

"సాయంత్రం సన్నగా చలిజ్వరం వస్తే భయపడకండి, కణాలు మేలుకున్నాయని అనుకోండి. రాకపోయినా మందు పనిచేయడం లేదని కాదు. జ్వరం ఎక్కువగా కాసినా, రెండు రోజులకు దిగకపోయినా వెంటనే రండి" అని పంపించింది.

నేను ఇందులో మొదటి మాటనే పట్టుకున్నాను.

వారానికోసారి మందు. ఎక్కించాక వెల్లకిలా, కుడికి, ఎడమకు, బోర్లా తిరుగుతూ పడుకోమనేవారు, మందు అన్ని గోడలకూ తగలాలని. అలా పడుకొని లోపల ఏమైనా కదులుతుందా అని వినేవాణ్ని. ఏమీ కదిలేది కాదు. మొదటి రెండుసార్లూ జ్వరం రాలేదు. ఇంటి దగ్గర వాకిట్లో మా కుక్క పడుకొని ఉండేది, పెరటి వైపు టేకు ఆకుల మీద అడుగుల చప్పుడు నాకు స్పష్టంగా వినిపించేది, కుక్క మాత్రం చెవి కూడా ఎత్తేది కాదు. లేచి వెళ్లి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

మూడోసారి మందు ఎక్కించుకొని వచ్చిన మరునాడు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుండగా చలి మొదలైంది. నాకు లోలోపల సంతోషమే. అయితే మా సంఘంలో ఒక వాడుక ఉంది, ఎవరికి జ్వరం వచ్చినా అందరూ చుట్టూ నిలబడి చేతులు ఉంచి, అది విడిచిపోయేదాకా గద్దిస్తారు. నేను నోరు తెరిచేలోపే నా భార్య చెల్లెలు దీనమ్మ నా తల మీద చెయ్యి వేసింది. "జ్వరమా, యేసు నామంల చెప్తున్న, ఈ మనిషిని ఇడిచి పో" అంది. అందరూ ఆమెన్ అన్నారు. కాసేపటికి చెమటలు పట్టి ఒళ్లు చల్లబడింది. వాళ్లు స్తుతి పాట ఎత్తుకున్నారు, నాకు మాత్రం లోపల దీపం ఆర్పేసినట్టు అనిపించింది.

"ఎందుకు పోగొట్టిన్రు?" అన్నాను.

"ఏంది బావా, జ్వరం పోయిందని ఏడ్సేటోన్ని నిన్నే చూస్తున్న" అంది దీనమ్మ. అందరూ నవ్వారు.

నా భార్య మార్త నవ్వలేదు. "క్షయ పురుగును కొని ఒంట్లకు ఎక్కించుకుంటరా ఎవరన్న? ఊళ్లె మన ఇంట్ల నీళ్లు తాగుతలేరు. ఇగ చాలు, ఖమ్మం పోవద్దు" అంది. మందు మధ్యలో ఆపితే గడ్డ లేస్తుందని నా భయం, కొనసాగిస్తే నన్ను పోగొట్టుకుంటానని ఆమె భయం.

అప్పుడు మా పాస్టరు గారు ఒక మంచి మాట అన్నారు. "దేవుణ్ని ఏమడగాల్నో మనకే తెల్వకుంటె ఎట్లమ్మా? పోయి డాక్టరమ్మను అడుగుదాం పాండ్రి." మార్తనూ వెంటబెట్టుకొని ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ అంతా విని, ఆ జ్వరం దానంతట అదే దిగేదేననీ, ప్రార్థన వల్ల మందు చెడలేదనీ, ఈ టీకా క్రిములు పక్కవాళ్లకు నీళ్ల ద్వారా అంటవనీ, మధ్యలో ఆపడమే ప్రమాదమనీ మార్తకు నిదానంగా చెప్పింది. అది విని మార్త, "అయితే ఎక్కించుండ్రి" అంది.

నాలుగోసారి మందు ఎక్కించుకొని వచ్చాక జరిగిన కూడికలో ఎవరూ నా మీద చేతులు ఉంచలేదు. పాస్టరు గారు మోకరించి, "ప్రభువా, నువ్వు పెట్టిన కావలివాళ్లు నిద్రపోతున్నరు, లేపు తండ్రీ. దానికి జ్వరమే కావాల్నంటే జ్వరమే పంపు, హద్దు నువ్వే పెట్టు" అని ప్రార్థించారు. పాట లేదు. అందరూ నన్నే చూస్తూ కూర్చున్నారు. బయట గాలి కూడా ఆగిపోయింది. అరికాళ్ల దగ్గర చల్లగా మొదలై, మోకాళ్లకు, నడుముకు, ఎవరో మెట్టుమెట్టుగా ఎక్కి వస్తున్నట్టు వణుకు పైకి వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటుంటే, దీనమ్మ చేతులు ఒడిలో గట్టిగా పట్టుకొని, భయం భయంగా "స్తోత్రం" అంది. అందరూ మెల్లగా అన్నారు. వణికే మనిషి ముందు కూర్చొని స్తోత్రం చెప్పిన ఆ గొంతులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. మరునాటికి జ్వరం తానే దిగింది.

మోతాదులన్నీ పూర్తయ్యాక గొట్టం పంపి చూశారు. సంచి గోడలు శుభ్రంగా ఉన్నాయి. ఆ తరువాత చూసినప్పుడూ అలాగే ఉన్నాయి, ఇంకా చూపించుకుంటూనే ఉండాలి, ఉంటాను. ఇందులో మందు వంతు ఎంత, ప్రార్థన వంతు ఎంత అని నన్ను అడుగుతారు. తేలని లెక్కను తేలిందని రాయను. ఆ కణాలను చేసినవాడు, వాటిని లేపే ఉపాయం డాక్టర్లకు ఇచ్చినవాడు ఒక్కడే గనుక దేవునికే మహిమ.

చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నొప్పి లేకుండా రక్తం పడితే దాచుకోకు, వెంటనే చూపించుకో. దేవుణ్ని నమ్ము. ఆయన జవాబు వణుకుగా వచ్చినా సరే, నమ్ము. ఈ మధ్య మా సంఘంలో ఒక తల్లి జబ్బుపడితే అందరం చుట్టూ చేరాం. దీనమ్మ చెయ్యి ఎత్తి, మధ్యలోనే ఆపి, ఆమె పక్కన కూర్చుంది. "అక్కా, డాక్టరు ఏమన్నడు? ముందుగాల అది చెప్పు, అప్పుడు దేవున్ని అడుగుదం" అంది.