సొనోక్ వైద్యం మానిన ఆదివారం

కొరియాలోని చోంగ్జు ఊళ్లో పచ్చళ్లూ వేపుళ్లూ అమ్మే సొనోక్‌కి వారం మొత్తంలో తనదంటూ మిగిలేది ఆదివారం మధ్యాహ్నమే. ఆ పూట దుకాణం మూసి, స్టేషన్ వెనక ఆటల సెంటర్‌కి వెళ్లేది. అక్కడ ఆమె జట్టంతా ఒకే వరసలో కూర్చుని కంప్యూటర్లలో కొండరాక్షసుణ్ణి కొట్టేవారు. కొట్టడం మిగతావాళ్ల పని. దెబ్బతిన్నవాడికి ప్రాణం పోయడం సొనోక్ పని. ఏళ్ల తరబడి ఆడుతున్నా ఆ రాక్షసుడి మొహం ఆమె సరిగా చూసింది లేదు. కళ్లెప్పుడూ జట్టువాళ్ల ప్రాణం ఎంతుందో చూపే పచ్చ గీతల మీదే.

ఇంత చేసినా పేరుందా? గెలిస్తే కొట్టినవాడి గొప్ప, చస్తే వైద్యురాలి తప్పు. బుద్ధిలేక నిప్పులో నిలబడి మాడిపోయినవాడు కూడా "అక్కా, నిద్రపోతున్నావా?" అనేవాడే. చివర్న ఎవరెంత కొట్టారో పట్టిక వస్తుంది, ఎవరు ఎవర్ని బతికించారో మాత్రం రాదు.

గురువారం ఆట కంపెనీవాళ్లు మళ్లీ మార్పులు చేశారు. వైద్యుల బలం సగానికి కోసి, ఎవరికివారు తాగే మందుసీసాల బలం పెంచారు. అడిగితే, సమతూకం కోసమట! ఎన్నిసార్లు తూచినా తీసేది మాత్రం ఆమె పళ్లెంలోంచే. సొనోక్‌కి కోపం కూడా రాలేదు. ఒళ్లంతా అలసట కమ్మింది.

ఆదివారం జట్టు నాయకుడు తేగన్ ఎదురొచ్చి మరీ బార్లీ టీ చేతికిచ్చాడు. ఎన్నడూ లేని మర్యాద చూసి ఆమెకి సంగతి అర్థమైపోయింది.

"చెప్పేయరా, నాన్చుతావెందుకు?"

"ఏం లేదక్కా... ఇవాళ్టి నుంచి విలుకత్తెగా రా. వైద్యం ఎవరికీ అక్కర్లేదిప్పుడు. అన్ని జట్లూ ఇంతే."

కాదంటే ఆ వరసలో తన కుర్చీ ఉండదు. సొనోక్ విల్లు పట్టుకుంది.

రాక్షసుడు గద విసిరాడు. పక్క కుర్చీలో ఉన్న ఇన్సూరెన్స్ ఆఫీసు గుమాస్తా బొమ్సు పచ్చ గీత చివరికి జారిపోయింది. సొనోక్ బాణాలు ఆపేసింది. వేలు దానంతటదే పాత వైద్యం మీట నొక్కింది. విలుకత్తెకి ఆ మీట నొక్కితే వెనక్కి గెంతడం. ఒక్క గెంతుకి సొనోక్ లోయలో పడి చచ్చింది. బొమ్సు కూడా చచ్చాడు.

ఇద్దరూ చేతులు కట్టుకుని, మిగిలినవాళ్ల యుద్ధం చూస్తూ కూర్చున్నారు. ఎవరూ వీళ్ల శవాల వంక తిరగలేదు. సీసాలు తాగుతూ, కొడుతూ, ఎప్పుడూ లేనంత త్వరగా రాక్షసుణ్ణి కూల్చేశారు. వరసంతా కేకలు, చప్పట్లు.

సొనోక్ కూడా చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్లూ తను లేకపోతే వీళ్లు చచ్చిపోతారనే నమ్మింది.

"నాకోసమే ఆగావు కదక్కా?" బొమ్సు నెమ్మదిగా అడిగాడు.

"అవున్రా."

ఆమెని నొప్పించడం ఇష్టంలేక అతను కాసేపు నసిగాడు. "ఇంకెప్పుడూ ఆగకక్కా. నేను పడిపోతే పడిపోయాడులే అనుకో. నువ్వు కొడుతూ ఉంటే ఇంకా ముందే అయిపోయేది."

"సరేలే," అంది సొనోక్. "ఈసారి నీ వంక చూడను."