గురువారం ఉక్తలేఖనం

లుగొవ్స్కోయె గ్రంథాలయంలో గొంతెత్తి మాట్లాడే హక్కు ఒక్క మనిషికే ఉండేది. ఆమె కపితొలీనా అర్కాదియెవ్నా షూబినా. పుస్తకం పేజీ మడిచినవాళ్లని పేరు పెట్టి నిలబెట్టేది. బూట్లకి మంచు అంటుకుని వచ్చినవాళ్లని గుమ్మంలోనే ఆపేసేది. కామా నది ఒడ్డున రంపపు మిల్లు మూతపడి, బడి సగమై, బేకరీ కూడా పోయాక, ఆ ఊళ్లో చలికాలమంతా వెచ్చగా ఉండే చోటు ఆ గ్రంథాలయం ఒక్కటే. అందుకని ఆమె ఏమన్నా జనం పడేవాళ్లు.

పింఛను వయసు దాటి ఏడేళ్లయినా ఆమె ఆ కుర్చీ వదల్లేదు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఇంటికి వెళితే ఒక గది, ఒక పిల్లి. ఉద్యోగం మాత్రం ఏటా మార్చిలో జిల్లా సాంస్కృతిక శాఖ దయ తలిస్తే ఇంకో ఏడాది సాగేది. 2012 మార్చికి ఆ శాఖ కొన్ని నెలల ముందే ఒక మెలిక పెట్టింది. పన్నెండు మంది పింఛనుదారులు ఎవరి సాయమూ లేకుండా ఇంటర్నెట్టులో పేజీ తెరిచి చూపించాలి. లేదంటే గ్రంథాలయాన్ని పక్క ఊరి గ్రంథాలయంలో కలిపేసి తలుపుకి తాళం వేస్తారు.

కంప్యూటర్లు పన్నెండూ వచ్చాయి. ముసలివాళ్లు పన్నెండుమందీ వచ్చారు. వచ్చిన చిక్కల్లా పరాయి ఇంగ్లీషు అక్షరాలతోనే.

"ఇప్పుడు ఎస్ కొట్టండి. డాలరు గుర్తులాగా వంకరగా ఉంటుంది చూడండి, అది."

"నా జన్మలో డాలరు చూస్తేగా కపితొలీనా అర్కాదియెవ్నా!" అనేవాడు కుజ్మిచ్. నలభై ఏళ్లు నదిలో దుంగలు తోలిన మనిషి. "రూబులులాగా ఉండే అక్షరం ఏదన్నా ఉంటే చెప్పండి, చప్పున పట్టేస్తా."

వాళ్ల రష్యన్ భాషలో ఉన్న పేజీకి కూడా తలుపు మీద పేరు, అంటే చిరునామా, పరాయి లిపిలోనే ఉండేది. రెండు నెలల పాటు ఒక్కరికీ ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ పరిస్థితుల్లో ఆమె చెవిన ఒక మాట పడింది. రెండేళ్ల కిందటే మన అక్షరాల్లోనే చిరునామాలు మొదలయ్యాయట. మన అక్షరాల్లో పేరు, తరువాత ఒక చుక్క, ఆ తరువాత దేశం పేరుకి పొట్టిరూపంగా రెండు అక్షరాలు, ఎర్, ఎఫ్. అంతే.

ఇక ఆమె తనకి తెలిసిన ఒక్క పద్ధతిలో పాఠం మొదలుపెట్టింది. బడిపిల్లలకి చేయించినట్టు ఉక్తలేఖనం. ప్రతి గురువారం ఒకరు లేచి చిరునామాని అక్షరం అక్షరంగా చదువుతూ తనూ కొట్టాలి. మిగతా పదకొండు మందీ విని కొట్టాలి. చివర్లో "తెరవండి" అంటే అందరూ ఒకేసారి మీట నొక్కాలి. పన్నెండు తెరలూ ఒక్కసారిగా వెలిగితే ఆమె మొహం కూడా వెలిగేది. ముందుగా చేతులు సాగడానికి ఎవరి పేరు వాళ్లు కొట్టుకునేవాళ్లు. ఏ పేజీ దొరకలేదని తెర చెప్పేది.

"నేను లేనట కపితొలీనా అర్కాదియెవ్నా," అనేది జోయా ఫిలిప్పొవ్నా, మూతపడిన బేకరీలో రొట్టెలమ్మిన మనిషి. "చచ్చిపోయానేమో ఒకసారి చూడండి."

"స్థలం ఖాళీగా ఉందని అర్థం. ఎవరైనా ఇల్లు కట్టుకోవచ్చు."

ఆ పన్నెండుమందిలో అందరికన్నా వెనకబడింది ఫాయినా గెర్మానొవ్నా. డెబ్బై ఒక్క ఏళ్లు. ఇరవై ఏళ్లు ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికి, బ్లీచింగు నీళ్లలో నాని, వేళ్లు అల్లం కొమ్ముల్లా అయిపోయాయి. ఒక్కో అక్షరానికి కీబోర్డంతా వెతుక్కునేది.

"తొందరగా, ఫాయినా గెర్మానొవ్నా! ఇది బట్టలు పిండడం కాదు. వేలితో తాకితే చాలు, మోచేత్తో పొడవక్కర్లేదు."

నలుగురూ నవ్వేవాళ్లు. ఫాయినా కూడా నవ్వేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా కపితొలీనాకి ఒక నిశ్చింత. ఈ మనిషికి తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లుగా తెలియదు. తెలిస్తే ఏటా ఆకురాలు కాలంలో ఉప్పులో ఊరవేసిన పుట్టగొడుగుల సీసా ఎందుకు తెచ్చిస్తుంది? "నా తరువాత పుస్తకాలని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు, అదే చాలు" అని ఎందుకంటుంది?

1984లో ఆ కుర్చీ ఫాయినాదే. కపితొలీనా ఆమె కింద సహాయకురాలు. ఒక మంచు మధ్యాహ్నం, జనం లేనప్పుడు, ఫాయినా తలుపు గడియ పెట్టి, వైద్య పుస్తకం అట్టలో దాచిన టైపు కాగితాలు తీసి, నిషేధించిన కవితలని టీ తాగుతూ చదివి వినిపించింది. కపితొలీనా కళ్లు తుడుచుకుంది కూడా. మూడు రోజుల తరువాత రహస్య పోలీసులు ముగ్గురొచ్చి నేరుగా వైద్య పుస్తకాల అలమార దగ్గరికి వెళ్లారు. నెల తిరక్కుండా ఫాయినా చాకిరేవులో ఉంది. కపితొలీనా కుర్చీలో ఉంది.

మార్చి రెండో గురువారం జిల్లా నుంచి తనిఖీకి స్తనిస్లావ్ ఒలేగొవిచ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, ఫోను మీంచి కళ్లు తీయడు. కపితొలీనా తెల్ల లేసు కాలరు పెట్టుకుంది. టీ, వలయాల్లాంటి ఎండు రొట్టెలు సిద్ధం చేసింది. ఆ రోజు చదివే వంతు లెక్కప్రకారం జోయాది.

"ఇవాళ నేను చదువుతా," అంది ఫాయినా లేచి నిలబడి.

"మీరా? వద్దులెండి. స్తనిస్లావ్ ఒలేగొవిచ్ సాయంత్రం బస్సుకి వెళ్లాలి," అని కపితొలీనా నవ్వింది.

"ఉండనివ్వండి," అన్నాడు అతను తల ఎత్తకుండానే. "వెనకబడినవాళ్లు చేస్తేనే నివేదికకి బాగుంటుంది."

ఫాయినా గొంతు సవరించుకుంది. చేతిలో కాగితం లేదు.

"క. పి. తొ. లీ. నా."

కపితొలీనా చెంపలు వేడెక్కాయి. తనిఖీ అధికారి ముందు గౌరవిస్తున్నారన్నమాట! ఖాళీ స్థలమని తెర చెబుతుంది, అందరూ నవ్వుతారు, తను వేలెత్తి మందలిస్తుంది. అంతే కదా.

"అడ్డగీత. షూ. బి. నా. చుక్క. ఎర్. ఎఫ్."

ఎంత వేగంగా చదివిందో కపితొలీనా గమనించలేదు. గమనించిందల్లా కుజ్మిచ్ తడబాటే. "చుక్క మరిచారు, కుజ్మిచ్," అంది. అతను దిద్దుకున్నాడు.

"తెరవండి," అంది కపితొలీనా.

పన్నెండు తెరలూ ఒక్కసారిగా వెలిగాయి.

ఖాళీ కాదు. పసుపు పచ్చబడిన గళ్ల కాగితం ఫొటో, దాని మీద వంకర లేని, తోక తెగని ముత్యాల్లాంటి చేతిరాత. ఆ రాత ఊళ్లో గుర్తుపట్టనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా వాళ్ల సభ్యత్వ కార్డుల మీద ఉన్న రాత అదే.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు కదా, తెర మీదది మనసులో చదవడం ఎవరికీ చేతకాదు. పెదవులు కదిపి, వేలు ఆనించి, పైకే చదివారు. పన్నెండు గొంతులు, ఒకదాని వెనక ఒకటి.

"...వైద్య గ్రంథం అట్టలో దాచి... చదివి వినిపించి... నా మనస్సాక్షి ఊరుకోనందున తెలియజేస్తున్నాను... ఆమెని తొలగించిన పక్షంలో... గ్రంథాలయ బాధ్యత స్వీకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను."

చివరి వాక్యాన్ని కుజ్మిచ్ రెండుసార్లు చదివాడు. "సిద్ధంగా ఉన్నాను," అని మళ్లీ అని, కపితొలీనా లేసు కాలరు వైపు చూశాడు. "ఓహో. ముందే దరఖాస్తు పెట్టుకున్నారన్నమాట."

"మూయండి," అంది కపితొలీనా. "తెరలు మూసేయండి!"

"మూయడం ఇంకా నేర్పలేదుగా మీరు," అంది జోయా.

స్తనిస్లావ్ ఒలేగొవిచ్ లేచి వెనక నుంచి ఫోనుతో ఫొటో తీశాడు. పన్నెండు నెరిసిన తలలు, పన్నెండు తెరలు, ఒకే పేజీ. "అందరూ ఒకేసారి తెరిచారు. జిల్లాలో ఎక్కడా ఇలా లేదు," అన్నాడు. కపితొలీనా నోరు తెరవబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. "పాత సంగతులు, మా తాతల కాలంవి, వాటితో మాకు పనిలేదు. మీ ఉద్యోగం మూడేళ్లకి పొడిగించి రాసేస్తున్నా. సంతోషమేనా?" సంతకం పెట్టి, ఎండు రొట్టె ఒకటి జేబులో వేసుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

అందరూ కోట్లు తొడుక్కున్నారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఫాయినా ఒక్కర్తీ ఉన్నిబూట్లు తొడుక్కుంటూ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి తెలుసు?" అంది కపితొలీనా.

"తొంభై అయిదు నుంచి. మా అమ్మాయి క్సేనియా ఆ పోలీసులని పాత ఫైలు చూపించమని అడిగింది. నకలు ఇచ్చారు. పిండి డబ్బాలో పెట్టుకున్నా."

"పదిహేడేళ్లు! మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? ఒక్కొక్కరికీ చూపిస్తే, ఒకరు నమ్ముతారు, ఒకరు దొంగ కాగితమంటారు. అందరూ ఒక్కసారే చదవాలి. ఇంటర్నెట్టు వచ్చాక అందులో పెడదామని అమ్మాయి అంది. ఆ డాలరు అక్షరాల చిరునామాతో పెడితే మనవాళ్లు ఎవరు తెరుస్తారే అన్నాను. మన అక్షరాలు వచ్చాయి. ఎలా తెరవాలో మీరు నేర్పారు."

"మరి ఆ సీసాలు? ఏటేటా ఆ పుట్టగొడుగులు ఎందుకు తెచ్చారు?"

"మీరు తింటుంటే చూద్దామని."

కపితొలీనా ఆమె కోటు చేయి పట్టుకుంది. "తీసేయించండి, ఫాయినా గెర్మానొవ్నా. కాళ్లు పట్టుకుంటా."

"ఆ పేరు ఏడాదికోసారి మళ్లీ నమోదు చేయించుకోవాలట," అంది ఫాయినా, బూటు సరిచేసుకుని. "క్సేనియా ఈ ఏడాదికి చేయించింది. వచ్చే ఏడాదికీ చేయిస్తుంది. మీకూ మూడేళ్లు ఇచ్చారుగా."

ఇక ఎవరూ రారని కపితొలీనా అనుకుంది. ఎవరూ రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. రాజీనామా రెండుసార్లు రాసి రెండుసార్లూ చించేసింది. ఆ కుర్చీ కోసమే కదా అప్పుడు ఆ ఉత్తరం రాసింది. ఆ కుర్చీ తప్ప ఆమెకంటూ కూర్చోవడానికి లోకంలో ఇంకో చోటు లేదు.

మరుసటి గురువారం పన్నెండుమందీ వచ్చారు. బయట మైనస్ పద్దెనిమిది, లోపల వెచ్చగా ఉంది. బూట్లకి అంటిన మంచుతోనే లోపలికొచ్చి కూర్చున్నారు. ఆమె గుమ్మంలో ఎవరినీ ఆపలేదు.

"చేతులు సాగడానికి ముందు పేరు కొడదామా?" అంది జోయా.

"కొడదాం," అన్నాడు కుజ్మిచ్. "మన పేర్లు కొడితే ఏం వస్తుంది, ఖాళీ స్థలం. ఉన్న ఇల్లే తెరుద్దాం."

ఫాయినా లేచి నిలబడింది. అక్షరం అక్షరంగా చదవసాగింది. పన్నెండు వేళ్లు మీటల మీద నడిచాయి. కపితొలీనా వరసల మధ్య నిలబడి ఉంది. కళ్లు మూసుకుందామంటే మూతపడలేదు. ముప్పై ఏళ్ల అలవాటు ఆమెని వదల్లేదు.

"చుక్క, జోయా ఫిలిప్పొవ్నా," అంది. "మళ్లీ చుక్క మరిచారు."