తువ్వాలు కొసన మిగిలిన ముడి

2022 జూన్ నెల. రోహిణి ఎండలు పోయాయన్నారు గానీ మాకు మాత్రం పోలేదు. పాతపట్నం వెళ్ళే దారిలో, జీడితోటల పక్కన ఉన్న ఒక సబ్ స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. దాని పేరు చెప్పను. తప్పు చేసింది మనుషులం, ఊరికి చెడ్డపేరెందుకు?

పెద్ద లైన్ల మీద వచ్చిన కరెంటును దించి ఊళ్ళకు పంపే చోటు సబ్ స్టేషన్. అక్కణ్ణుంచి ఒక్కో దిక్కుకు పోయే లైనును ఫీడర్ అంటాం. మాకు నాలుగు ఫీడర్లు. గంటగంటకూ ఒక్కో ఫీడర్ మీద ఎంత లోడ్ ఉందో మీటర్ చూసి లాగ్ షీట్‌లో రాయాలి. ఎవరైనా అడిగితే లైను ఆపాలి, మళ్ళీ చెప్తే వెయ్యాలి. మా చీపురుపల్లి స్నేహితులు కలిసినప్పుడల్లా "కూకోబెట్టి జీతమిస్తన్నార్రా నీకు, రాసిపెట్టుండాల" అని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. మండడానికి కారణం ఒకటే, వాళ్ళన్నది నిజం. ఇంజినీరింగ్ చదివి, ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అంకెలు వేసుకునే బతుకు.

సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్తాను. ఆ అంకెలు కూడా నేను సరిగ్గా వేసేవాణ్ణి కాదు. పొద్దున్న ఎనిమిదింటికి షిఫ్ట్ ఎక్కగానే మధ్యాహ్నం ఒంటిగంట దాకా రీడింగులు ఒక్కసారే రాసి పడేసేవాణ్ణి. రోజూ ఇంచుమించు అవే అంకెలు కదా, ఎవడు చూడొచ్చాడు?

చూసేవాడు ఒకడున్నాడు. అప్పలసూరి మావ. లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రెండేళ్ళ కిందట రిటైరైన మనిషి. రోజూ ఎనిమిదిన్నరకల్లా సైకిల్ మీద వచ్చి, గేటు లోపల రేకుల పంచన ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. కుండలో నీళ్ళు నింపేవాడు. పనిమీద పోయే లైన్‌మన్లు అక్కడ ఆగి సీసాలు నింపుకుంటే ఎక్కడికని అడిగేవాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి దాని కొసలు ముళ్ళు వేసుకుంటూ, విప్పుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఏమీ తోచక అలా చేస్తున్నాడనుకునేవాణ్ణి.

"పించనీ వస్తాది కదా మావా, ఇంటి దగ్గర హాయిగా ఉండొచ్చు కదా" అని ఒకసారి అడిగాను. రిటైరైన మర్నాడు ఇంట్లో కూర్చున్నాడట. అత్త మంచం వేసి, ఫ్యాను పెట్టి, ఇంక నువ్వు ఏ పనీ ముట్టుకోనక్కర్లేదు అందట. మూడో రోజుకు అన్నం సయించలేదు, వారానికి ఆవిడతో మాటామాటా వచ్చింది, పదో రోజున సైకిల్ తీశాడు. చెప్పి ఊరుకోకుండా, "నువ్వూ నానూ ఒకటేరా బాబూ. నాకు పనినేదు, నువ్వు సెయ్యవు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేదు.

ఇక్కడ మా వృత్తి మాట ఒకటి చెప్పాలి. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ ముందు ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఫీడర్ ఆపమంటాడు. ఆపరేటర్ లోపల ప్యానెల్ మీద బ్రేకర్ తీసి, బయట యార్డులో లైనును విడదీసే ఏబీ స్విచ్ కూడా తీసి తాళం వేస్తాడు. రిజిస్టర్‌లో ఆ మనిషి పేరు, టైము రాసుకుని ఒక నంబరిస్తాడు. పని అయ్యాక అదే మనిషి ఆ నంబరు చెప్పి, అందరూ దిగారని చెప్పి ఎల్.సి. రిటర్న్ ఇస్తేనే లైను చార్జి చెయ్యాలి, అంటే కరెంటు వదలాలి. రిజిస్టర్‌లో పేరున్నవాడి ప్రాణం ఆపరేటర్ చేతిలో ఉంటుంది. పేరు లేనివాడి ప్రాణం ఎవరి చేతిలోనూ ఉండదు.

ఆ రోజు పావుతక్కువ పదికి లైన్‌మన్ రమణ మూడో ఫీడర్ మీద ఎల్.సి. తీసుకున్నాడు. రాసుకున్నాను, లైను ఆపాను, మళ్ళీ ఫోన్‌లో పడ్డాను. కాసేపటికి అప్పలసూరి మావ తలుపు దగ్గరకొచ్చి రిజిస్టర్‌లో ఎవరెవరి పేర్లున్నాయని అడిగాడు. ఇది ఆయన రోజూ అడిగే మాటే. చెప్పేలోపు ఆయన కళ్ళు లాగ్ షీట్ మీద పడ్డాయి.

"ఒంటిగంట రీడింగు ఇప్పుడే రాసీసినావేటి?"

దొరికిపోయిన కోపం మామూలు కోపం కంటే ఎక్కువ. లాగ్ షీట్ తిరగేసి, రిజిస్టర్ మూసేశాను. బయటివాళ్ళు లోపలికి రాకూడదని ఏఈ గారు, అంటే మా పై ఇంజినీరు, నా మీద అరుస్తున్నారన్నాను. అదీ అబద్ధం కాదు. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు.

"మీకు పనిలేదని నా పనికి అడ్డొస్తే ఎలా మావా? రేపట్నుంచి రాకండి."

ఆయన ముఖంలోకి చూడలేదు నేను. చెప్పుల చప్పుడు బల్ల దాకా వెళ్ళి ఆగడం విన్నాను.

పన్నెండుకి ఇరవై నిమిషాలుందనగా రమణ ఫోన్. నంబరు చెప్పాడు, పనైపోయింది, అందరూ దిగిపోయారు, చార్జి చెయ్యమన్నాడు. అంతా పద్ధతి ప్రకారమే ఉంది. యార్డులోకి వెళ్ళి తాళం తీసి ఏబీ స్విచ్ వేసి వచ్చాను. ఇక ప్యానెల్ మీద బ్రేకర్ పిడి ఒక్కటి తిప్పితే మూడో ఫీడర్‌లోకి పదకొండు వేల వోల్టులు పోతాయి. లోపలికి వచ్చేసరికి అప్పలసూరి మావ ఆ ప్యానెల్‌కి అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాలు. దాని కొసన ఒక ముడి.

"సిమ్మాచలం ఇంకా రాలేదు" అన్నాడు.

సింహాచలం పక్క సెక్షన్‌లో కాంట్రాక్టు మనిషి. మన దగ్గర పేర్లన్నీ అవే, అందుకని నేను మొదట ఎవరో కూడా పోల్చుకోలేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకు అతను గేటు దగ్గర సీసా నింపుకుని, చెరువు గట్టు మీది స్తంభానికి పగిలిన పింగాణీ ఇన్సులేటర్ మార్చాలని చెప్పి వెళ్ళాడట. ఆ స్తంభం మూడో ఫీడర్‌దే. వెళ్ళేటప్పుడు మావ ముడి వేశాడు. వచ్చేటప్పుడు మళ్ళీ ఇదే దారి. ఇంకా రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ ముళ్ళు కాలక్షేపానికి కావని. గేటు దాటి పోయిన ప్రతి మనిషికీ ఒక ముడి, తిరిగొచ్చినప్పుడు విప్పడం. స్తంభం ఎక్కడానికి నడుముకు బెల్టు కట్టిన నాటి నుంచీ ఉన్న అలవాటు.

రమణకి ఫోన్ చేశాను. సింహాచలం మావాడు కాదు, నా ఎల్.సి.లో అతనెందుకుంటాడని విసుక్కుని పెట్టేశాడు. సింహాచలానికి చేశాను. మోగుతోంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఈలోపు ఏఈ గారి ఫోన్. మూడో ఫీడర్ మీది ఒక ఊళ్ళో ఎవరో పెద్దవాళ్ళ మీటింగు పన్నెండింటికి ఉందట, ఎల్.సి. రిటర్న్ అయి పది నిమిషాలైతే ఇంకా లైను ఎందుకు వెయ్యలేదని కేకలు. మనిషి ఉన్నాడేమోనని అనుమానం అన్నాను. రిజిస్టర్‌లో పేరుందా అన్నారు. లేదన్నాను. మరి ఏమిటి నీ అనుమానం, చార్జి చెయ్ అని పెట్టేశారు.

ఒకవైపు రూలు, రిజిస్టరు, పై అధికారి మాట. ఇంకోవైపు రిటైరైన మనిషి చేతిలో తువ్వాలు. ఏది నమ్మాలో ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు నాకు భయం వేసింది, దాంతో గొంతు లేచింది. సింహాచలం ఎక్కడో టీ తాగుతుంటాడు, వేరే దారిలో ఇంటికి పోయుంటాడు, మీ ముళ్ళ కోసం నా ఉద్యోగం పోగొట్టుకోలేను, పక్కకు తప్పుకోండి అని అరిచాను.

ఆయన తప్పుకున్నాడు. తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సరే, ఎయ్యి. నానాపను. ఆడు పైన నేడని నీకు నమ్మకమైతే ముందు ఈ ముడి నీ సేత్తో ఇప్పు. తరవాత లైను ఎయ్యి."

పాత నూలు తువ్వాలు, చెమట వాసన. చిన్న ముడి. గోటితో లాగితే ఊడిపోతుంది. వేళ్ళు దాని మీదే పెట్టాను గానీ లాగలేకపోయాను. అంత చిన్న పని నేను జీవితంలో చెయ్యలేకపోవడం అదే మొదలు. బ్రేకర్ పిడి అయితే తిప్పేసేవాణ్ణే, రోజూ తిప్పేదే కదా.

యార్డులోకి పరిగెత్తి ఏబీ స్విచ్ మళ్ళీ తీసేశాను. తాళం వేశాను. స్టేషన్ వదిలి నేను కదలకూడదు, అందుకని తువ్వాలూ, నా బైకు తాళాలూ మావకి ఇచ్చాను. చెరువు గట్టు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. "బేగి రండి మావా" అన్నాను. పొద్దున్న ఆయన్ను రావద్దన్న నోటితోనే అన్నాను.

తరవాత ఇరవై నిమిషాలు నేను కూర్చోలేదు. ఏఈ గారు రెండుసార్లు చేశారు, రెండుసార్లూ లైను వెయ్యలేదనే చెప్పాను. వేరే ఉద్యోగం చూసుకో అన్నారు. కళ్ళు పోయి పోయి లాగ్ షీట్ మీద పడ్డాయి. పన్నెండు గంటలకు మూడో ఫీడర్ మీద అరవై అయిదు ఆంప్స్ అని నా చేతిరాతతో ఉంది. పొద్దున్నే రాసిపెట్టాను కదా. నా లాగ్ షీట్ ప్రకారం ఆ నిమిషానికి లైనులో కరెంటు పోతోంది.

ఫోన్ మోగింది. సింహాచలం నంబరు. మాట్లాడింది మావ.

"దిగీసినాడు. నానెల్లేసరికి రొండు సేతులూ తీగ మీదే ఎట్టుకోనున్నాడు. ఇప్పుడు లైను ఎయ్యి."

నేను కుర్చీలో కూలబడి కాసేపు ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది? ఒక్క పిడి తిప్పు దూరం, అంతే.

జరిగింది ఇది. లైను ఆపారని తెలిసి సింహాచలం రమణకి ఫోన్ చేసి, నీ ఎల్.సి. మీదే నేనూ ఎక్కేస్తానన్నాడు. రమణ ఊఁ అన్నాడు. మళ్ళీ సబ్ స్టేషన్‌కి చెప్పి ఇంకో ఎల్.సి. తీసుకోవడం ఎందుకని బద్ధకం. మా లైను పనిలో ఇది అందరూ చేసే తప్పే, చాలామంది పోయింది కూడా ఇలాగే. రమణ తన పని అయ్యాక ఆ ఫోన్ సంగతే మర్చిపోయాడు. సింహాచలం ఫోన్ కింద బండి డబ్బాలో మోగుతూ ఉంది. పొరపాటున కరెంటు వస్తే భూమిలోకి దించేసే ఎర్త్ రాడ్లు కూడా అతను లైను రెండు పక్కలా వెయ్యలేదు. ఇక నా వంతు. పొద్దున్న మావ అడిగినప్పుడు రిజిస్టర్ తెరిచి చూపించి ఉంటే, సింహాచలం పేరు లేదని అప్పుడే తేలిపోయేది.

మావ బైకు తెచ్చి నిలబెట్టి, తువ్వాలు చాపి, "ఇప్పుడిప్పు" అన్నాడు. విప్పాను.

సాయంత్రం ఏఈ గారు వచ్చారు. ఆయనా లోపల భయపడే ఉన్నారు. జరగరానిదేదీ జరగలేదు కదా, లైను వెయ్యడం ఆలస్యమైందని మాత్రం రాసి వదిలెయ్, బయటి మనిషి పేరు రిజిస్టర్‌లో పడితే ఎంక్వయిరీ వస్తుందని చెప్పారు. ఆయన వెళ్ళాక పెన్ను తీశాను. ముందు లాగ్ షీట్‌లో మూడో ఫీడర్ మీద ఆ అరవై అయిదూ, అంతకుముందు పదికీ పదకొండుకీ రాసినవీ కొట్టేసి సున్నాలు వేసి సంతకం పెట్టాను. తరవాత రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఎంక్వయిరీ వచ్చింది. నాకూ రమణకీ మెమోలు వచ్చాయి, అంటే సంజాయిషీ అడుగుతూ కాగితాలు. సింహాచలాన్ని రెండు నెలలు పక్కన పెట్టారు. బయటివాళ్ళు గేటు లోపలికి రాకూడదని బోర్డు పెట్టారు. అప్పలసూరి మావ రోడ్డుకి అవతల టీ కొట్టు బల్ల మీదకి మారాడు. మనుషులు నీళ్ళకి అక్కడ ఆగడం మొదలుపెట్టారు. ఎల్.సి. రిటర్న్ వచ్చినప్పుడల్లా నేను పేరుపేరునా అందరినీ అడిగి, ఆపైన గేటు దాకా నడిచి అవతలికి చూసేవాణ్ణి. మావ తువ్వాలు ఎత్తి పట్టేవాడు. కొసలు సాఫీగా ఉంటేనే లోపలికొచ్చి పిడి తిప్పేవాణ్ణి. ఏ రూలు పుస్తకంలోనూ లేదు ఇది.

ఆ కుర్చీలో కూర్చోవడం పనే కాదని అంతకుముందు మూడేళ్ళు అనుకున్నాను. ఆ కుర్చీలో నేను లేను, అంతే తేడా. ఖాళీగా ఉన్నాడనుకున్న మనిషి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పని చేస్తూనే ఉన్నాడు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఇదే.

కొన్ని నెలలకు ఆ రిజిస్టర్ నిండిపోయింది. పై ఆఫీసుకి పంపించెయ్యాలి. పంపే రోజున దాన్ని పట్టుకుని రోడ్డు దాటి టీ కొట్టుకు వెళ్ళాను. ఆ పేజీ తీసి మావ ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "మూడో ఫీడర్ మీద సింహాచలం ఉన్నాడని రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్ అప్పలసూరి చెప్పినందున లైను చార్జి చేయలేదు. దిగినట్టు ఆయన చెప్పిన తరువాతనే చార్జి చేయడమైనది." వేలు తన పేరు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఈ పుస్తకంల నా పేరు సూసి ఎన్నాళ్ళయిపోనాదిరా" అన్నాడు.

రిజిస్టర్ ఆఫీసుకి పోవాలి మావా, బండి వచ్చేసిందన్నాను.

"ఈ టీ తాగినంతసేపు నా కాడ ఉండనీ."

ఉండనిచ్చాను. పన్నెండు కావస్తోంది. లోపలికి వెళ్ళి మీటర్ చూసి రీడింగ్ రాశాను.